ఈ ఫంక్షన్‌లో భోజనాలు ఉండవు

మూడు వేల తొమ్మిది వందల రూపాయలు ఈ రోజుల్లో ఏమాత్రం చెప్పండి? ఒక మంచి కాటన్ చీర, దాని మీదకి బ్లౌజు కుట్టుకూలీ. అంతే కదా. ఆ 3,900 దగ్గరే మా అన్నయ్యా తమ్ముడూ మొన్న జూలైలో పద్దెనిమిది రోజులు మాట్లాడుకోలేదు. అమ్మ ఫోన్ చేసినప్పుడల్లా చివర్లో ఒకటే మాట. "వాళ్ళిద్దరూ మాట్లాడుకుంటున్నారా అమ్మడూ?" ఆవిడకి ఎవరూ చెప్పలేదు. అయినా తల్లికి తెలియకుండా ఉంటుందా!

సంగతి ముందు నుంచీ చెప్తాను. మా అమ్మకి 76 ఏళ్ళు. కిందటేడు బాత్రూంలో జారిపడి తుంటి ఎముక విరిగింది. ఆపరేషన్ అయ్యాక వాకర్ పట్టుకుని నాలుగడుగులు వేస్తోంది గానీ పక్కన మనిషి ఉండాల్సిందే. "నా ఇల్లు వదిలి ఎక్కడికీ రాను" అని రాజమండ్రిలోనే ఉంటోంది. అన్నయ్య వాళ్ళు డల్లాస్‌లో, తమ్ముడు విశాఖపట్నంలో, నేను హైదరాబాద్‌లో. ఖర్చు ముగ్గురం సమానంగా పంచుకోవాలని మొదటే అనుకున్నాం. చూసుకునే అమ్మాయికి 15,000, మందులకి 4,200, ఫిజియోథెరపీకి 3,600, పాలు, సరుకులు, కరెంటు, గ్యాసు అన్నీ కలిపి 5,100. వెరసి నెలకి 27,900. ఇవి కాక ప్రతి నెలా ఏదో ఒకటి అదనంగా వస్తూనే ఉంటుంది. ఏప్రిల్‌లో రక్తపరీక్షలకి 2,400 అయింది. మే నెలలో పడక పుళ్ళు రాకుండా గాలి పరుపు కొన్నాం, 6,900. జూన్‌లో మోటారు రిపేరు 1,500. డబ్బంతా ముందు అన్నయ్య కట్టేస్తాడు. మేమిద్దరం మూడు నెలలకోసారి మా వాటా పంపిస్తాం.

ఇదివరకు అన్నయ్య లెక్క కాగితం మీద రాసి ఫొటో తీసి పెట్టేవాడు. ఈసారి మా మేనల్లుడు, అంటే అన్నయ్య కొడుకు, "నేను చిన్న పైథాన్ స్క్రిప్ట్ రాసిచ్చాను, ఇక మీదట లెక్క అదే చేస్తుంది" అని ఫ్యామిలీ గ్రూపులో ఆ ఫైలు కూడా పెట్టాడు. అందరం దండం బొమ్మలు పెట్టాం. ఫైలు తెరిచింది మాత్రం ఎవరూ లేరు. జూలై మొదటి వారంలో అన్నయ్య మెసేజ్ వచ్చింది. మూడు నెలలకీ కలిపి ఒక్కొక్కరి వాటా 35,400 అని. తమ్ముడు ఎప్పటిలాగే తన డైరీలో తను వేసుకున్న లెక్క ప్రకారం అప్పటికే 31,500 పంపేశాడు. "ఒరేయ్, నీది ఇంకా 3,900 ఉంది" అన్నాడు అన్నయ్య. "నాది అయిపోయింది అన్నయ్యా" అన్నాడు వాడు. ఇంతలో వదిన, చెడ్డ ఉద్దేశంతో కాదులెండి, "కంప్యూటర్ లెక్క తప్పుతుందా మరిదిగారూ?" అని గ్రూపులో రాసింది.

అదీ, అక్కడ గుచ్చుకుంది. మా తమ్ముడిది గాజువాకలో చిన్న జెరాక్సు, స్టేషనరీ కొట్టు. ఈ మధ్య బేరాలు అంతంత మాత్రం. వాడి దగ్గర డబ్బు లేదని ఎవరైనా అనుకోవడం వాడు భరించలేడు. లేదన్న సంగతి నిజమైతే మరీ భరించలేడు. గ్రూపులోంచి బయటికి వెళ్ళలేదు గానీ నోరు మెదపలేదు. అన్నయ్య ఫోన్ చేస్తే ఎత్తలేదు.

నేను 1998లో బీకాం పూర్తిచేశాను. ఉద్యోగం చేయలేదు గానీ చిట్టా ఆవర్జాలు చూస్తే ఇప్పటికీ చెయ్యి దురద పెడుతుంది. కాగితం మీద నేనూ కూడి చూశాను. నాకూ 31,500 వచ్చింది. కానీ "నీ కంప్యూటరే తప్పు" అంటే అమెరికాలో ఇంజనీరింగ్ చదువుతున్న కుర్రాణ్ణి బీకాం అత్త తప్పు పట్టినట్టు ఉంటుంది. పైగా ఎక్కడ తప్పిందో చూపించకపోతే ఆ మాటకి విలువేముంది? అందుకని ఆ ఫైలు తెరిచి చదవడమే మార్గమనిపించింది.

అదృష్టం ఏమిటంటే మా అమ్మాయి సీబీఎస్‌ఈ పన్నెండో తరగతి. కంప్యూటర్ సైన్సులో వాళ్ళకి పైథానే. రాత్రి భోజనాలయ్యాక అరగంట నాకు పాఠం చెప్పే ఒప్పందం కుదిరింది. ఫీజు, ఆదివారం పూట చేగోడీలు.

"ఈ ఫైల్లో ఉన్నదంతా ఒక ఫంక్షన్ అమ్మా" అంది మొదటిరోజు.

ఫంక్షన్ అంటే మనకి తెలిసింది ఓణీల ఫంక్షనో, సీమంతమో, ఫంక్షన్ హాలో. "భోజనాలున్నాయా?" అన్నాను. "భోజనాలు ఉండవు గానీ రిటర్న్ గిఫ్ట్ ఉంటుంది" అంది. సరదాకి అన్న మాటే గానీ అంతకంటే బాగా చెప్పడం కష్టం అనిపించింది తర్వాత.

పిండి మరని గుర్తుచేసుకోండి. మనం బియ్యం ఇస్తాం. వాళ్ళు ఆడించి పిండి చేతికిస్తారు. లోపల ఏ రాయి ఎటు తిరిగిందో మనకక్కర్లేదు. ఫంక్షన్ కూడా అంతే. ఒక పని ఎలా చేయాలో ఒక్కసారి రాసి దానికో పేరు పెడతాం. కావలసినప్పుడల్లా ఆ పేరుతో పిలిచి, సరుకు ఇస్తాం. ఇచ్చే సరుకుని ఆర్గ్యుమెంట్లు అంటారు. అది తిరిగి మన చేతికిచ్చేది రిటర్న్.

మా అమ్మాయి నాచేత పాలబిల్లు ఫంక్షన్ రాయించింది. ఎన్ని లీటర్లు, లీటరు ఎంత అని రెండూ ఇస్తే గుణించి చెప్పాలి. 45 లీటర్లు, లీటరు 60 రూపాయలు. మొదట రిటర్న్ అనే మాట లేకుండా, ప్రింట్ అని మాత్రం రాయించింది. తెర మీద 2,700 అని చక్కగా వచ్చింది. "ఇప్పుడు దీనికి పెరుగు ప్యాకెట్ల 500 కలుపు" అంది. కలిపితే ఎర్ర అక్షరాలతో ఎర్రర్. ఎందుకంటే ఆ ఫంక్షన్ 2,700ని తెర మీద చూపించిందే గానీ నా చేతిలో పెట్టలేదు. నా చేతికి వచ్చింది నన్, అంటే ఏమీ లేదని చెప్పడానికి పైథాన్‌లో ఉన్న ఒక ప్రత్యేకమైన విలువ. ఏమీ లేనిదానికి అయిదొందలు కలపమంటే ఎలా కలుపుతుంది?

మరవాడు మన పేరు పెట్టి "మీ పిండి అయిందమ్మా" అని కేకేసి, సంచీ మాత్రం ఇవ్వకపోతే ఎలా ఉంటుందో అలా అన్నమాట. కేక వినబడింది, ఇంటికెళ్ళి అట్లు పోసుకోవడానికి పిండి లేదు. కొత్తగా నేర్చుకునేవాళ్ళకి ఈ రెండూ ఒకటేలా కనిపించడానికి కారణం, తెర మీద రెండిటికీ అదే అంకె కనబడటం. చూపించడం వేరు, ఇవ్వడం వేరు. ప్రింట్ తీసేసి రిటర్న్ రాయగానే 3,200 వచ్చింది.

ఇంకో సంగతి, ఫంక్షన్‌లో రిటర్న్ అన్న లైను దగ్గరికి రాగానే పని ఆగిపోతుంది. దాని కింద ఎంత రాసినా చదవదు. గిఫ్ట్ చేతిలో పెట్టారంటే ఇక బయల్దేరమనే కదా!

రెండోరోజు పాఠం పేర్ల గురించి. ఇది కొంచెం నిదానంగా చదవండి, అసలు కిటుకు దీని పక్కనే ఉంది. వేరియబుల్ అంటే విలువకి మనం పెట్టుకునే పేరు. (పైథాన్ 3లో ఈ పేర్లు తెలుగు అక్షరాల్లో కూడా పెట్టుకోవచ్చు. నేను వాటా, అదనం, మొత్తం అని పెట్టుకున్నాను. కీవర్డులు మాత్రం ఇంగ్లీషులో కొట్టాల్సిందే.) ఫంక్షన్ లోపల "మొత్తం" అని ఒక పేరు పెట్టి లెక్క వేసుకుంటే, ఆ పేరు లోపలిదే. పని అయిపోగానే పోతుంది. బయటికొచ్చి "మొత్తం ఎంత?" అని అడిగితే అలాంటి పేరు నాకు తెలియదంటుంది. దీన్ని లోకల్ అంటారు. బయట కూడా "మొత్తం" అని ఇంకొకటి ఉంటే, అది ఇది కాదు. ఒకదాన్ని మారిస్తే రెండోది మారదు.

మన తెలుగిళ్ళలో ఇది అర్థంకాని వాళ్ళు ఉండరు. ప్రతి ఇంట్లో ఒక బుజ్జి ఉంటుంది. మా ఇంట్లో నిలబడి బుజ్జీ అంటే మా బుజ్జే పలుకుతుంది, పక్కింటి బుజ్జి కాదు. మా ఇంట్లో ఆ పేరుగల వాళ్ళు లేకపోతేనే కేక వీధిలోకి వెళ్తుంది. పైథాన్ కూడా ముందు ఫంక్షన్ లోపల వెతుకుతుంది. లేకపోతేనే బయట ఉన్న గ్లోబల్ పేర్లలోకి వెళ్తుంది. బయటిదాన్ని చదువుకోవడానికి అభ్యంతరం లేదు. కానీ లోపలినుంచి బయటి పేరుని మార్చి ఇంకో విలువకి తగిలించాలంటే మాత్రం గ్లోబల్ అని ముందే చెప్పి మార్చాలి.

అలా చెప్పి మార్చడం ఎందుకు మంచిది కాదో మా అమ్మాయి వివరించబోతుంటే నేనే ఆపాను. పోపుల డబ్బాలో దాచిన డబ్బులు తెలియనిదెవరికి? అందరికీ ఆ చోటు తెలుసు. ఒకరు పాలవాడికని, ఒకరు ఆటోకని, ఒకరు చిప్స్‌కని తీస్తారు. నెలాఖరుకి మూడొందలు తగ్గితే ఎవరు తీశారో చెప్పడం బ్రహ్మతరం కాదు. ఎవరికి కావలసింది వాళ్ళ చేతికిచ్చి, మిగిలింది తిరిగి తీసుకుంటే ఆ గొడవే ఉండదు.

అన్ని భాషల్లోనూ ఇలాగే ఉండదట. లైనక్స్ కంప్యూటర్లలో వాడే బ్యాష్ అనే స్క్రిప్టింగ్‌లో సంగతి తలకిందులు. అక్కడ ఫంక్షన్‌లో పెట్టిన పేరుకి లోకల్ అని ప్రత్యేకంగా రాయకపోతే అది బయట కూడా కనిపిస్తూనే ఉంటుంది. రిటర్న్ అని రాస్తే 0 నుంచి 255 లోపు అంకె మాత్రమే వెనక్కి వస్తుంది. అది కూడా పని సవ్యంగా అయిందా లేదా అని చెప్పడానికే. మా పాలబిల్లు దాని చేతిలో పట్టదు.

ఈ ఫంక్షన్లు ఎవరి బుర్రలో పుట్టాయా అని కూడా అడిగాను. కేంబ్రిడ్జ్‌లో ఎడ్సాక్ అనే కంప్యూటర్ 1949లో పనిచేయడం మొదలుపెట్టాక, తరచూ అవసరమయ్యే లెక్కల్ని ముక్కలుగా రాసి దాచుకుని, కావలసినచోట వాడుకునే పద్ధతిని డేవిడ్ వీలర్, మారిస్ విల్క్స్, స్టాన్లీ గిల్ అనే ముగ్గురు తీర్చిదిద్ది 1951లో పుస్తకంగా వేశారు. అంతకంటే ముందు, 1946లో అమెరికాలో అందరికీ చూపించిన ఎనియాక్ కంప్యూటర్‌కి ప్రోగ్రాములు తయారుచేసింది ఆరుగురు ఆడవాళ్ళు. ఆ సంగతి మా అమ్మాయి పాఠ్యపుస్తకంలో కూడా మొదటి పేజీలోనే వేయాలని నా అభిప్రాయం.

సరే, అసలు కథకి వస్తాను. మూడోరోజు మా మేనల్లుడి ఫంక్షన్ చదివాం. మీరు చదువుకోవడానికి వీలుగా కీవర్డుల్ని కూడా తెలుగు అక్షరాల్లోనే రాస్తున్నాను.

డెఫ్ నెలవాటా(మామూలు, కొత్తది, అదనం=[]):
    అదనం.అపెండ్(కొత్తది)
    మొత్తం = మామూలు + సమ్(అదనం)
    రిటర్న్ మొత్తం / 3

నాలుగే లైన్లు. మామూలు ఖర్చు ఎంత, ఈ నెల కొత్తగా వచ్చిన అదనపు ఖర్చు ఎంత అని ఇస్తాం. కొత్త ఖర్చుని "అదనం" అనే లిస్ట్‌లో చేరుస్తుంది. అపెండ్ అంటే చివర చేర్చడం. తర్వాత అంతా కూడి మూడుతో భాగించి ఇస్తుంది. ఒకే నెలలో అదనపు ఖర్చులు ఇంకా ఉంటే ఆ లిస్ట్ మనమే ఇవ్వచ్చు. ఇవ్వకపోతే ఖాళీ లిస్ట్‌తో మొదలుపెట్టమని "అదనం=[]" అని రాశాడు. ఇలా మనం ఇవ్వనప్పుడు వాడుకునేదాన్ని డిఫాల్ట్ అంటారు. చదివితే ఎక్కడా తప్పు కనబడదు. మా అమ్మాయికీ కనబడలేదు.

ఏప్రిల్ లెక్క వేశాం. 27,900, 2,400 ఇస్తే 10,100 వచ్చింది. నా కాగితం మీదా అంతే. ప్రోగ్రాం ఆపి, మళ్ళీ మొదలుపెట్టి మే ఇస్తే 11,600. సరిపోయింది. మళ్ళీ ఆపి జూన్, 9,800. అదీ సరిపోయింది. మూడూ కూడితే 31,500. అంటే తమ్ముడి లెక్కే!

"బావ రాసింది కరెక్టేనమ్మా, పెదమావయ్యే ఎక్కడో తప్పు నొక్కినట్టున్నాడు" అంది మా అమ్మాయి. నేను ఒప్పుకోలేదు. అన్నయ్య మూడు నెలలకోసారి లెక్క చూస్తాడు. అంటే మూడు నెలలూ ఒకేసారి, ఒకదాని తర్వాత ఒకటి వేసి ఉంటాడు. మేమూ అలాగే వేశాం, మధ్యలో ఆపకుండా.

ఏప్రిల్ 10,100. మే 12,400. జూన్ 12,900. మొత్తం 35,400.

అవే అంకెలు ఇచ్చాం. అదే ఫంక్షన్. విడివిడిగా అడిగితే ఒక జవాబు, వరసగా అడిగితే ఇంకో జవాబు. మా అమ్మాయి కళ్ళు ఇంత చేసింది. నేను కంప్యూటర్ని వదిలేసి కాగితం తీసుకున్నాను. మే నెలలో తేడా 800. మూడుతో గుణిస్తే 2,400. ఈ అంకె ఎక్కడో చూశానే! ఏప్రిల్ రక్తపరీక్షలు. జూన్‌లో తేడా 3,100. మూడుతో గుణిస్తే 9,300. రక్తపరీక్షల 2,400, గాలి పరుపు 6,900 కలిపితే సరిగ్గా అదే. అంటే ఏప్రిల్‌లో చేయించిన పరీక్షలకి మళ్ళీ మేలోనూ, జూన్‌లోనూ డబ్బు అడుగుతోంది. మేలో కొన్న పరుపుకి మళ్ళీ జూన్‌లో అడుగుతోంది. 800, 3,100 కలిపితే 3,900. తమ్ముడి 3,900 దొరికింది.

ఎందుకు అలా చేస్తోందో మాత్రం అప్పటికి తెలియలేదు. ఫంక్షన్ లోపలివన్నీ పని అవగానే పోతాయని కదా నేర్చుకున్నాం. మరి ఏప్రిల్ 2,400 ఎక్కడ దాక్కుంది?

పైథాన్ "డెఫ్" అన్న లైను చదివేటప్పుడే డిఫాల్ట్‌గా ఇచ్చిన ఆ ఖాళీ లిస్ట్‌ని తయారుచేసి పక్కన పెట్టుకుంటుంది. ఒక్కసారే. ఫంక్షన్‌ని పిలిచిన ప్రతిసారీ కొత్త లిస్ట్ ఇవ్వదు, అదే పాతది తీసి ఇస్తుంది. "మొత్తం" లాంటి లోకల్ పేర్లు ఏ పిలుపుకి ఆ పిలుపు కొత్తగా పుట్టి పోతాయి గానీ, ఈ డిఫాల్ట్ లిస్ట్ ఫంక్షన్‌నే అంటిపెట్టుకుని ఉంటుంది. ప్రోగ్రాం నడుస్తున్నంతసేపూ ఉంటుంది. అంకె అయితే ఈ ప్రమాదం లేదు. అంకెని ఎవరూ ఉన్నచోట మార్చలేరు. లోపల ఆ పేరుని ఇంకో అంకెకి తగిలిస్తాం, అంతే. లిస్ట్ అలా కాదు, అపెండ్ చేస్తే ఉన్నచోటే పెరుగుతుంది. కిరాణా కొట్టుకి చీటీ రాసి పంపడానికీ, ఖాతా పుస్తకమే చేతికిచ్చి పంపడానికీ ఉన్నంత తేడా. చీటీ మీద వాడు ఏం గీసుకున్నా మన పుస్తకం మారదు. పుస్తకమే ఇస్తే, వాడు రాసింది మన పుస్తకంలోనే ఉంటుంది.

ఇది అర్థమైన క్షణాన నాకు మళ్ళీ పిండి మరే గుర్తొచ్చింది. మిరపకాయలు ఆడించిన వెంటనే బియ్యం పోస్తే ఏమవుతుంది? ఆ పిండితో అరిసెలు చేసుకోగలమా? అందుకే కదా మనం వెళ్ళగానే "ముందేం ఆడించావు బాబూ?" అని అడుగుతాం. కారం ఆడించానంటే గుప్పెడు బియ్యం ముందు పోయించి, ఆ పిండి పక్కన పడేయించి, ఆ తర్వాతే మనవి పోయిస్తాం. పొద్దున్నే మొదట వెళ్ళినవాళ్ళకి ఎప్పుడూ శుభ్రమైన పిండే వస్తుంది. ఘాటు తగిలేది రెండోవాళ్ళకి. మా మేనల్లుడు ఏప్రిల్ ఒక్కటే వేసి చూసుకుని ఉంటాడు. అది మొదటి గిరాకీ. సరిగ్గానే వచ్చింది.

గ్రూపులో పెట్టమంది మా అమ్మాయి, బావని ఏడిపించే అవకాశం దొరికిందని. నేను పెట్టనివ్వలేదు. ఒకరి పరువు గ్రూపులో పోయింది చాలదా? రాత్రి ఎనిమిదికి, అంటే వాళ్ళకి పొద్దున్న తొమ్మిదిన్నరకి, వాడికే నేరుగా ఫోన్ చేశాను. "నాన్నా, నీ ఫంక్షన్ మూడు నెలలు వరసగా వేసి చూశావా?" అన్నాను. "ఒక నెల వేశానత్తా, వచ్చింది కదా" అన్నాడు. నేను మే, జూన్ అంకెలు చదివాను. అటువైపు నుంచి కీబోర్డు చప్పుడు వినబడింది. తర్వాత కాసేపు ఏ చప్పుడూ లేదు. తర్వాత, "అత్తా, మ్యూటబుల్ డిఫాల్ట్! మాకు క్లాసులో చెప్పారిది. నువ్వెలా పట్టుకున్నావు?"

"రక్తపరీక్షల బిల్లు నేనే కట్టించాను నాన్నా, 2,400 నాకు గుర్తుంది" అన్నాను.

సవరణ రెండు లైన్లే. "అదనం=[]" బదులు "అదనం=నన్" అని పెట్టి, లోపలికి రాగానే అదనం నన్ అయితే అప్పుడు కొత్త ఖాళీ లిస్ట్ చేసుకోమని రాశాడు. ఏ నెలకా నెల కొత్త లిస్ట్. ఏమీ లేదని చెప్పడానికి పెట్టిన ఆ నన్, పాలబిల్లు రోజున నన్ను ఖాళీ చేతులతో పంపించింది. ఇక్కడ అదే పనికొచ్చింది.

గ్రూపులో వాడే రాశాడు, బాబాయ్ లెక్కే కరెక్ట్, తన కోడ్‌లో బగ్ ఉందని, సారీ అని. వదిన ఆ మెసేజ్ కింద ఏమీ రాయలేదు గానీ మర్నాడు మా మరదలికి ఫోన్ చేసి గంటసేపు వంటల గురించి మాట్లాడిందట. అన్నయ్య తమ్ముడికి పెట్టిన మెసేజ్‌లో ఆ లెక్క ప్రస్తావనే లేదు. "ఒరేయ్, ఆదివారం అమ్మ దగ్గరికి వెళ్ళినప్పుడు వీడియో కాల్ చెయ్యి, పరుపులో గాలి సరిగ్గా ఉందో లేదో చూస్తాను" అని. మగవాళ్ళ రాజీలు ఇలాగే ఉంటాయి కాబోలు. తమ్ముడు చేశాడు. అమ్మ ఆ రోజు నాకు ఫోన్ చేసి ఏమీ అడగలేదు. కొబ్బరిబొండాలు రేటు పెరిగిందని చెప్పి పెట్టేసింది.

కానీ ఆ లెక్కలో నాకు ఇంకొకటి కుదరడం లేదు. మా తమ్ముడు నెలకి రెండు ఆదివారాలైనా పొద్దున్నే రైలెక్కి రాజమండ్రి వెళ్తాడు. దాదాపు 200 కిలోమీటర్లు. అమ్మకి గోళ్ళు తీస్తాడు, మందుల డబ్బా వారానికి సరిపడా సర్దుతాడు, రాత్రికి తిరిగి వెళ్తాడు. ఆ రోజు కొట్టు మూసే ఉంటుంది. అన్నయ్య దూరం నుంచి డబ్బు సర్దుతున్నాడు, అది కనబడుతోంది. వీడు చేసేది ఆ ఫంక్షన్‌కి ఎవరూ ఇవ్వడం లేదు కాబట్టి జవాబులో రావడం లేదు. అందుకని నేనే ఇంకో పేరు చేర్చాను, ప్రయాణం అని. టికెట్ ఖర్చు దాంట్లో ఇస్తే మొత్తానికి కలిసి ముగ్గురికీ పంచబడుతుంది. అన్నయ్య వెంటనే సరేనన్నాడు.

తమ్ముడికి చెప్పడానికి ఫోన్ చేశాను. "అమ్మని చూడ్డానికి వెళ్తే దానికీ లెక్కేమిటక్కా, తీసెయ్" అన్నాడు.

తీసేయలేదు. దాని డిఫాల్ట్ సున్నా అని పెట్టి ఉంచాను. సున్నా అంకే కాబట్టి దాంట్లో పాత నెల ఏమీ మిగలదు. వాడు ఏ నెల ఇవ్వాలనుకుంటే ఆ నెల ఇస్తాడు. అక్టోబరులో లెక్క వేసేటప్పుడు మళ్ళీ అడుగుతాను.